దేవే దీదీ పేరు పక్కన సున్నా

దేవే దీదీని మా సమితికి అధ్యక్షురాలిని చేసింది ఎవరో, ఎందుకో నాకు సరిగ్గా తెలియదు. నేను దోర్నపాల్ ఆఫీసులో లెక్కలు రాయడానికి చేరేసరికే ఆమె ఆ కుర్చీలో ఉంది. కుర్చీ అని మాట వరసకి అంటున్నాను. ఆఫీసుకొస్తే ఆమె గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నేల మీదే కూర్చుంటుంది. పైన కూర్చో దీదీ అంటే, ఫ్యాను గాలి తలకు కొడుతుందని చెబుతుంది.

నాది కిరండూల్. నాన్న రైల్వే ఉద్యోగానికి విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. పేరు సంతోషకుమారి అని పెట్టారు గానీ కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. లెక్క తప్పితే ఊరుకోలేను. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. దేవే దీదీకి కూడా తెలుసు. జరిగిందంతా తలుచుకుంటే, అందరికంటే ఆమెకే బాగా తెలుసనిపిస్తుంది.

బడిలేని లోపలి ఊళ్ల ఆడపిల్లలకి దోర్నపాల్‌లో ఒక హాస్టల్ నడపడం మా సమితి పని. పిల్లల్ని తెచ్చేది దీదీ. మరైగూడ దాటి లోపలికి వెళితే ఒక చిన్న గుంపు వస్తుంది, ఆమెది ఆ ఊరే. అక్కడి నుంచి నడిచి ఊరూరా తిరుగుతుంది. ఎవరింటికైనా వెళితే ముందు పొలం గురించి, మేకల గురించి మాట్లాడుతుంది, పెట్టింది తింటుంది, పోసింది తాగుతుంది, చివరికెప్పుడో పిల్ల సంగతి ఎత్తుతుంది. మా కార్యదర్శి ముకేష్ భయ్యా అడిగితే మొహం తిప్పుకున్నవాళ్లే, దీదీ అడిగితే పిల్లకి తలంటి పంపిస్తారు.

అడవిలో తుపాకుల గొడవల కాలంలో ఆమె, భర్త ఆయతు ఊరొదిలి భద్రాచలం వైపు మిరప కోతలకి పోయారు. ఎవరిదో చేను గట్టు మీద గుడిసె వేసుకుని ఏళ్ల తరబడి ఉన్నారు. అక్కడ తెలుగు బాగా పట్టుబడింది. తిరిగొచ్చేసరికి వాళ్ల పొలం తుప్పలు పట్టిపోయి ఉంది. ఇద్దరూ తుప్పలు కొట్టి, తవ్వుకుని మళ్లీ వరి చల్లారు. కూతుర్ని కొంటా వైపు ఇచ్చారు. దీదీ ముకేష్ భయ్యాతో హిందీ, సంతలో హల్బీ, నాతో తెలుగు మాట్లాడుతుంది. కోపం వస్తే మాత్రం వాళ్ల ఊరి భాష దోర్లీయే.

రెండేళ్ల కిందట ఆయతుకి జ్వరం తలకెక్కితే భద్రాచలం ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడే పోయాడు. అప్పుడు నేను క్రిస్మస్ సెలవులకి కిరండూల్‌లో ఉన్నాను. తిరిగొచ్చేసరికి అన్నీ అయిపోయాయి. అంత దూరం నుంచి మనిషిని ఎలా తెచ్చుకున్నారని నేను అడగలేదు. నాకెవరూ చెప్పనూ లేదు.

ఈ ఏడు ఎండాకాలం మొదట్లో మాకు డబ్బిచ్చే పెద్ద సంస్థ కొత్త ఉత్తర్వు పంపింది. ఎక్కడో ఎవరో పిల్లల పేరు చెప్పి మేడలు కట్టుకున్నారట. అందుకని ఇక నుంచి ప్రతి సమితీ తన పెద్దలెవరో, సమితి నుంచి ఒక్కొక్కరూ ఏడాదికి ఏం తీసుకుంటున్నారో జనానికి కనబడేలా చెప్పాలి. వెబ్‌సైట్‌లో పెట్టాలి, పని జరిగే ప్రతిచోటా గోడ మీద రాయించాలి. గోడ మీద ఒకటి, వెబ్‌సైట్‌లో ఒకటి ఉండటానికి వీల్లేదు.

నాకు చాలా సంతోషమైంది. మా ఇంటి ఓనరు అద్దె తీసుకునేటప్పుడల్లా, మీ ఎన్‌జీఓ వాళ్లకేం తల్లీ, ఎక్కడెక్కడి డబ్బో వస్తుంది అంటుంటాడు. రా, వచ్చి గోడ చదువుకో అని ఆయనకి చెప్పొచ్చు. ముకేష్ భయ్యాకి మాత్రం గొంతులో వెలక్కాయ పడింది. మా పెద్దల్లో జీతం తీసుకునేది ఆయనొక్కడే. జగదల్‌పూర్ మనిషి, బంధుబలగం ఎక్కువ. అందరూ అప్పుకొస్తారని ఆయన భయం. ఆయన పేరు గోడ అడుగున, చెట్టు కొమ్మలు అడ్డమొచ్చే చోట రాయమని పెయింటర్ని బతిమాలుతుంటే విన్నాను. కుదరదని చెప్పాను.

ఆఫీసు గోడ అయ్యాక పెయింటర్ని దీదీ వాళ్ల గుంపుకి పంపాం. అక్కడ మా సమితికి ఒక షెడ్డు ఉంది. దాని గోడ మీద హిందీలో అందరి పేర్లూ రాయించాం. దీదీ పేరు పక్కన సున్నా పళ్లెమంత పెద్దదిగా, ఎర్ర రంగుతో వెయ్యమని నేనే చెప్పాను. అధ్యక్షురాలు పైసా ముట్టుకోదన్న సంగతి దారిన పోయేవాళ్లకి కూడా కనబడాలని నా ఉద్దేశం.

తర్వాత వేసవి సెలవులు వచ్చి హాస్టల్ పిల్లలు ఇళ్లకి పోయారు. గుంపులో ఎవరికీ చదువు రాదు కాబట్టి, గోడ మీద ఏం రాసుందో చదవమని పెద్దవాళ్లు పిల్లల్ని అడిగారు. ఆ ఊళ్లోనే ఉండే ముయా కూతురు ఊర్మిల, దీదీ చెయ్యి పట్టుకుని మా హాస్టల్‌కి మొదట వచ్చిన పిల్ల, నిలబడి అందరికీ గట్టిగా చదివి వినిపించింది.

కొన్నాళ్లకి మిట్టమధ్యాహ్నం దీదీ ఆఫీసుకొచ్చింది. కూర్చోలేదు.

"బిడ్డా, ఆ సున్నా తుడిపెయ్యి" అంది.

"అదేటి దీదీ? నువ్వు జీతం తీసుకోవు కదా?"

"తీస్కోను."

"మరి తప్పేటి అందులో?"

పక్క గదిలో ముకేష్ భయ్యా ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆమె ఆ తలుపు వైపోసారి చూసి, మళ్లీ తుడిపెయ్యమనే అంది. నాకు చిరాకేసింది. ఎంత తరిచి అడిగినా కారణం చెప్పలేదు గానీ, చివరికి ఒక మాట బయటపెట్టింది. ఈసారి విజ్జ పండుంలో తనకి దొప్ప పెట్టనని ఊరి పూజారి మాసా అన్నాడట.

విజ్జ పండుం అంటే విత్తనాల పండుగ. వానలకి ముందు ప్రతి ఇల్లూ గుప్పెడు విత్తనం తెచ్చి మాసా ముందు పోస్తుంది. ఆయన అన్నీ కలిపి, భూమికి మొక్కి, ఇంటింటికీ ఆకు దొప్పలో పెట్టి తిరిగి ఇస్తాడు. అది అందాకే ఎవరైనా మట్టిలో గింజ వేస్తారు. దొప్ప అందని ఇల్లు విత్తకూడదు. విత్తినా ఆ పొలంలోకి నాటుకో, కలుపుకో, కోతకో ఎవరూ రారు. ఆయతు ఉంటే ఇద్దరూ ఎలాగో తంటాలు పడేవారేమో. ఒంటి మనిషి, ఊరి చెయ్యి లేకుండా వరి పండించలేదు. దొప్ప పెట్టకపోతే ఆ ఏటికి ఆమె పొలం బీడే, తిండికి అడుక్కోవలసిందే.

డబ్బు దాచుకుని సున్నా రాయించుకుందని ఊరు అనుమానిస్తోందని నాకు అర్థమైంది. అలా అర్థమైందని అనుకున్నాను. ముకేష్ భయ్యా కూడా అదే అన్నాడు. నిజం నిరూపిస్తే సరిపోతుంది కదా అని బ్యాంకు కాగితాలన్నీ తీసుకుని జీపెక్కాం.

షెడ్డు ముందు ఊరంతా కూర్చుంది. ముకేష్ భయ్యా కాగితాలు విప్పి, దేవే దీదీ సమితి నుంచి ఇప్పటిదాకా పైసా కూడా తీసుకోలేదని హిందీలో గట్టిగా చెప్పాడు. ఊర్మిల దోర్లీలో చెప్పింది. మాసా మొహం నల్లబడింది. తను సరిగ్గా చెప్పలేదేమోనని ముకేష్ భయ్యా ఇంకా ఊపుగా, టీ కూడా తాగలేదు, బస్సు ఖర్చులు కూడా అడగలేదు అన్నాడు. ముయా లేచి దూరంగా పోయి కూర్చున్నాడు. మేము ఎంత మంచి చెబితే వాళ్లు దీదీకి అంత ఎడంగా జరుగుతున్నారు. దీదీ తల వంచుకుని ఉంది.

అంతలో మాసా గోడ మీద ఇంకో పేరు చూపించి ఏమిటని అడిగాడు. అది ముకేష్ భయ్యాది. ఊర్మిల అంకె చదివింది. ఇక అయిపోయిందనుకున్నాను. ముకేష్ భయ్యా చెమట తుడుచుకున్నాడు. కానీ మాసా తలాడించాడు, పక్కవాళ్లూ తలాడించారు. ఒక ముసలమ్మ ఇంటికి వెళ్లి కోడిపెట్టను తెచ్చి ముకేష్ భయ్యా చేతిలో పెట్టింది. తీసుకున్నాడు, తీసుకున్నానని చెప్పాడు, మంచి మనిషి అందట.

నాకు ఒళ్లు మండింది. ఇంత తీసుకున్నాయనకి కోడి ఇచ్చి, ఏమీ తీసుకోని ఆవిడకి విత్తనం పెట్టనంటారు, ఇదేం న్యాయమని మాసాని నిలదీశాను. ఆయన "ఆమెనే అడుగు" అన్నాడు. ముయాని అడిగితే ముయా కూడా అదే మాట. దీదీని అడిగితే తుడిపెయ్యమంది.

దారిపొడుగునా జీపులో కోడి అరుస్తూనే ఉంది. జీతం కావాలేమో అని ముకేష్ భయ్యా అన్నాడు. జీతం కావాల్సిన మనిషి జీతం అడుగుతుంది గానీ సున్నా తుడవమంటుందా అని నేనన్నాను. ఊరికి పిచ్చా, దీదీకి పిచ్చా, మాకే ఏమైనా అయిందా అని ఇంటికెళ్లాక కూడా తెగలేదు. సున్నా అబద్ధం కాదు. లెక్కలన్నీ మళ్లీ తిరగేశాను. ఎక్కడ చూసినా ఆమెకిచ్చింది సున్నాయే. నిజాన్ని ఎలా తుడుస్తాను? వీల్లేదని దీదీకి కబురు పంపాను. ఆమె మళ్లీ ఆఫీసుకి రాలేదు.

విజ్జ పండుం నాడు నేనూ ముకేష్ భయ్యా మళ్లీ వెళ్లాం. మాసా కాళ్లయినా పట్టుకుందామన్నది ఆయన ఆలోచన. ఊరి మొదట్లో ఆడవాళ్లు రోడ్డుకడ్డంగా తాడు పట్టుకుని జీపు ఆపారు. పండుగనాడు వచ్చే పోయే బళ్లని ఆపి, బురదనీళ్లు చల్లి, నవ్వించి ఎంతో కొంత పుచ్చుకోవడం అక్కడి ఆనవాయితీ. ఏటా తాడు కొస దేవే దీదీ చేతిలో ఉండేది. పోయినేడు నా కొత్త చున్నీ మీద బురద పోసింది ఆమే. ఈసారి తాడు దగ్గర ఆమె లేదు. తన ఇంటి దడి దగ్గర ఒంటరిగా నిలబడి చూస్తోంది. ఆమెను అలా చూస్తే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇప్పచెట్ల మధ్య అందరూ కూర్చున్నారు, దీదీ కూడా వచ్చి ఒక చివరన కూర్చుంది. మమ్మల్నీ కూర్చోమన్నారు. మాసా మొక్కులయ్యాక ఒక్కో ఇంటి పేరూ పిలిచి దొప్ప ఇస్తున్నాడు. దీదీ వంతు వచ్చింది. ఆయన చేతిలో దొప్ప ఉంది, ఇవ్వలేదు. దోర్లీ తెలుగుకి దగ్గరే కాబట్టి ఆయన అడిగింది నాకూ తెలిసింది. "దేవే, తీస్కున్నవా, తీస్కోలేదా?"

ఆమె తలెత్తి నా వైపు చూసింది. ధైర్యం చెబుతున్నట్టు నేను తలూపాను. తీసుకోలేదని చెప్పు, నిజమే కదా అని నా భావం. ఆమె నన్నే చూస్తూ నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. తల వంచేసింది. మాసా ఆ దొప్పని గంపలో ఒంపేసి తర్వాతి ఇంటి పేరు పిలిచాడు.

అప్పుడు నా పక్కనుంచి ముకేష్ భయ్యా లేచాడు. ఆయన మొహంలో రంగు పోయింది.

"ఆయతును నేనే తెచ్చాను. సమితి జీపులో. ఈమెకి తెలియనివ్వొద్దని దేవే దీదీ దగ్గర నేనే మాట తీసుకున్నాను" అని హిందీలో అన్నాడు. ఈమెకి అంటూ చెయ్యి పెట్టి చూపించింది నన్ను.

ఆ రోజు భద్రాచలంలో శవాన్ని ఎక్కించుకోవడానికి ఏ బండివాడూ ఒప్పుకోలేదట. సమితి జీపు సొంత పనులకి వాడకూడదన్నది రూలు. ముకేష్ భయ్యా తనే నడుపుకుంటూ వెళ్లి, డీజిల్ తన జేబులోంచి పోయించి, ఆయతుని ఇంటికి చేర్చాడు. తన డబ్బే కాబట్టి లెక్కల్లోకి రాలేదు. సంతోషకి తెలిస్తే రాసేస్తుంది, పైనుంచి అడుగుతారు, నా ఉద్యోగం పోతుంది, చెప్పకు దీదీ అన్నాడట. నిజమే, రాసేదాన్ని. అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు.

ఆమె మాట్లాడకపోవడానికి కారణం నేను. నేను అక్కడ కూర్చుని ఉన్నాను కాబట్టి, ఇచ్చిన మాట కోసం పంట పోగొట్టుకోవడానికి కూడా సిద్ధపడింది. నేనేమో తలూపాను.

"మాకు తెల్వదా?" అన్నాడు మాసా ముకేష్ భయ్యాతో. "మేమే కద జీపుల నుంచి దించినం. ఊరంత చూసింది. తీస్కున్నది తీస్కోలేదని గోడ మీద రాపిచ్చుకున్న మనిషికి విత్తనం ఎట్ల పెడ్తం? రేపు ఇది గూడ తీస్కోలేదంటది."

ఊర్మిల పక్కకొచ్చి కూర్చుని ఒక్కొక్కటీ విడమరిచి చెబితే కొంత కొంతగా నా బుర్రకెక్కింది. ఆ ఊళ్లో తీసుకోవడం తప్పు కాదు. వేటలో మొదటి బాణం వేసినవాడు అందరి ముందూ తన వాటా తీసుకుంటాడు. పురుడు పోసినామె తీసుకుంటుంది, పూజారి కోడితల తీసుకుంటాడు. ఊరి పని చేసినవాళ్లు తీసుకోవాలి, తీసుకున్నామని చెప్పాలి. తీసుకోలేదనడమంటే మీరు నాకేమీ కారు అనడం. ముయా తన పిల్లని బడికి తీసుకెళ్లిందని కోడి కోసి పెట్టాడు. ఇంకొకామె చీర పెట్టింది. అదంతా గోడెక్కి సున్నా అయిపోయింది. సమితి వేరు, ఊరు వేరు అని నేను అన్నాను. దేవే మీ సమితికి పెద్దా, మా ఊరికి పెద్దా అని ముయా అడిగాడు. రెండూనూ అన్నాను. మరి వేరెట్లయిందని అడిగాడు.

తల వంచుకున్న దీదీ అప్పుడు లేచి నిలబడింది. మాసాతో కాకుండా నాతో, తెలుగులో మాట్లాడింది.

"నేను రాపియ్యలే. మీరే రాసిండ్రు. నా ఆయతు ఆ జీపుల ఇంటికొచ్చిండు. అది సున్నా ఎట్లయితది బిడ్డా?"

సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ముకేష్ భయ్యా చేసింది మంచి పని. ఆయన సమితి సొమ్ము ఒక్క చుక్క వాడలేదు కాబట్టి నా సున్నా సరైనదే. అక్కడ నిలబడి కూడా మనసులో లెక్క మళ్లీ వేసుకున్నాను, సరిగ్గానే వచ్చింది. ఎదురుగా ఆమె ఏడుస్తోంది, ఆమె మాట కూడా సరిగ్గానే ఉంది.

మాసా ఇంకేమీ అడగలేదు. గంపలోంచి విత్తనం తీసి దొప్ప నింపి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకుని కొంగులో పోసుకుంది. ఆడవాళ్లు ఆమెను తాడు దగ్గరికి లాక్కుపోయారు. మా జీపు తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ ఆపి, ఆమె చేత్తోనే నా మీద బురద పోయించారు.

మర్నాడు దీదీ పేడనీళ్లతో ఆ సున్నాను తనే రుద్ది పారేసింది. ఎర్రటి చార మిగిలింది. అక్కడ ఏం రాయమంటావని నేను ఫోను చేసి అడిగితే, "తీస్కున్న అని రాయి" అంది. బొగ్గు ముక్కతో హిందీలో ఊర్మిల ఆ మాట రాసింది. గోడ మీద ఉన్నదే వెబ్‌సైట్‌లోనూ ఉండాలి కాబట్టి నేను అక్కడా, ఆఫీసు గోడ మీదా అదే పెట్టించాను. వారం తిరక్కుండా పెద్ద సంస్థ నుంచి ప్రశ్న వచ్చింది. అధ్యక్షురాలు ఎంత తీసుకున్నారు?

జీపు సంగతి రాస్తే ముకేష్ భయ్యా ఉద్యోగానికి ఎసరు. రాసెయ్యి, కానివ్వు అంటున్నాడాయన ఇప్పుడు. ఉద్యోగం పోతే హాస్టల్ ఎవరు చూస్తారని నేను ఆపుతున్నాను. మళ్లీ సున్నా రాస్తే దీదీకి వచ్చే ఏడు విత్తనం ఉండదు. ఇన్నేళ్లుగా లెక్కలు రాస్తున్నాను, ఒక్క గడి నింపడానికి ఇంత తిప్పలు ఎప్పుడూ పడలేదు. చివరికి ఆమెనే అడుగుదామని వానలు పడ్డాక గుంపుకి వెళ్లాను. దీదీ పొలంలో నాట్లు వేస్తోంది. ముయా పెళ్లాం, ఇంకా చాలామంది ఆడవాళ్లు వరసలో ఉన్నారు. గట్టు మీద నిలబడి, ఎంత తీసుకున్నావో చెప్పమంటున్నారు దీదీ అన్నాను.

ఆమె నడుము ఎత్తి, చేతిలో నారు కట్ట పట్టుకుని నిలబడింది.

"పొడుగు మనిషి బిడ్డా" అంది. "జీపుల పట్టలే. కాళ్లు బయటికొచ్చినయి. భద్రాచలం నుంచి ఇంటిదాక నేనే పట్టుకొని కూసున్న."

మళ్లీ వంగి నాటసాగింది. ఆ ప్రశ్నకి జవాబు నేనింకా పంపలేదు.